ఎర్రగుట్ట గురించి నేను రాయనన్న రెండు మాటలు

రేడియేషన్ కొలిచే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మేడం, మీటరు ఎంత చూపిస్తే క్యాన్సర్ వస్తుంది?" నేను రిటైరయ్యాక ఇప్పుడు ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు. అలాంటి అంకె లేదని చెబితే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. అంకె లేకపోతే ఉద్యోగం ఎలా చెయ్యాలని వాళ్ళ బెంగ.

నేను ఉద్యోగమంతా ఆ అంకె లేకుండానే చేశాను. మొండిదాన్నని అన్నారు. ఆడది కాబట్టి భయపడుతోందని ఒకరంటే, ఆడదై ఉండి భయం లేదని ఇంకొకరన్నారు. ఆ మాటలకు అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడటం లేదు. ఎవరికి ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయను. ఆ పనిలో నాకు బుద్ధి నేర్పిన రెండు సంగతులు మాత్రం చెబుతాను.

మా పని

మాది రాయచూరు. మా నాన్న స్టేషన్ బజారులో కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, దుకాణంలో ఉర్దూ వింటూ పెరిగాను. హైదరాబాదులో ఫిజిక్స్ చదివి, కేంద్ర ప్రభుత్వం వారి సర్వే బృందంలో చేరాను. కాలువ పనులు జిల్లా అంతటా జోరుగా సాగుతున్న రోజులవి. జీపులో మీటరు వేసుకుని ఊరూరా తిరిగి, నేల ఎంత రేడియేషన్ ఇస్తోందో కొలవడం మా పని.

రాయి, మట్టి, ఆకాశం, మన ఒంట్లో ఎముకలు, అన్నీ కాస్తో కూస్తో రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి. మా జిల్లాలోని ఎర్రరాయి ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది. దాన్ని కొలవడం తేలిక. మీటరు పట్టుకుని నడవడం ఎవరికైనా కొద్దిరోజుల్లో అలవాటవుతుంది. అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఇంత రేడియేషన్ ఇన్నేళ్ళు తగిలితే, ఇంతమందిలో ఎందరికి క్యాన్సర్ రావచ్చో చెప్పమంటారు. దానికి మా దగ్గరున్న ఆధారం, చాలా పెద్ద మోతాదు తగిలిన మనుషుల వివరాలు. పెద్ద మోతాదుకు పెద్ద ముప్పు కనబడింది. అక్కడి నుంచి కిందికి ఒక గీత గీసుకుంటూ వచ్చి, చిన్న మోతాదుకు చిన్న ముప్పు ఉంటుందని అనుకుంటాం. అనుకుంటాం అనే అంటున్నాను, గమనించండి. ఆ గీత పైభాగం మనుషుల్ని చూసి గీసింది. కింది భాగం మన జాగ్రత్త కొద్దీ గీసుకున్నది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గుప్పెడు జొన్నలు నేల మీద చల్లి చూడండి. సమంగా పడవు. ఎక్కడో ఒకచోట నాలుగు గింజలు కలిసి పడతాయి. ఆ చోట నేలలో ఏదో ఉందని ఎవరూ అనరు. అదే ఒక చిన్న గూడెంలో కొద్దికాలంలో ముగ్గురు ఒకే రోగంతో పోతే మాత్రం వెంటనే కారణం వెతుకుతాం. కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు. ముగ్గురిని చూసి అది తేల్చడం ఎవరివల్లా కాదు. తేల్చానని చెప్పేవాణ్ణి నమ్మకండి. వాడు మీ పై అధికారి అయినా సరే.

యరమరస్‌లో చేతి గడియారం

మొదటి సంగతి చిన్నదే. మా బృందంలో ఒక కుర్ర సైంటిస్టు ఉండేవాడు. మంచివాడు, తెలివైనవాడు, కాస్త తొందర. రాయచూరు పక్కనున్న యరమరస్ ఊళ్ళో ఒక బావి గట్టు మీద మీటరు పెట్టి, ముల్లు ఎగరడం చూసి, "అబ్బో, ఇక్కడేదో ఉంది!" అన్నాడు. గట్టు మీద బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఆ మాట విన్నారు.

నేను వెళ్ళి కొలిస్తే ముల్లు ఎగరలేదు. మళ్ళీ అతను పట్టుకుంటే ఎగిరింది. అతని చేతికి కొత్త గడియారం ఉంది. చీకట్లో అంకెలు మెరిసేలా రేడియం పూసిన రకం. మీటరు చూపించింది ఆ గడియారాన్ని, బావిని కాదు.

అతను సిగ్గుపడి గడియారం విప్పి జేబులో పెట్టుకోబోయాడు. "జేబులో కాదయ్యా, జీపులో పెట్టు," అన్నాను. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ ఆడవాళ్ళు నవ్వలేదు. అంతకుముందే బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆ ఎండాకాలం అంతా ఆ వీధివాళ్ళు ఆ బావి నీళ్ళు ముట్టలేదు. మండుటెండలో ఊరవతలి బావికి నడిచారు. నేను పోయి గడియారం చూపించి, జరిగింది చెప్పి, వాళ్ళ ముందే ఆ నీళ్ళు తాగాను. ఒక ముసలమ్మ నా భుజం తట్టి, "నువ్వు ఊరికి వోతవు బిడ్డా, మేము ఈడనే ఉంటం," అంది.

భయపెట్టే మాట ఒక్క క్షణంలో అనెయ్యొచ్చు. వెనక్కి తీసుకోవడానికి ఏ పరికరమూ లేదు.

గుట్ట కింద గూడెం

రెండో సంగతి లింగసుగూరు తాలూకాలో జరిగింది. ఊరి పేరు చెప్పను. ఎర్రగుట్ట అందాం. గుట్ట కింద రాళ్ళు కొట్టి బతికే తెలుగు కుటుంబాల గూడెం ఉండేది. వాళ్ళ తాతలు నిజాం కాలంలో పాలమూరు వైపు నుంచి రోడ్డు పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. గుడిసెలున్న జాగాకు పట్టాలు లేవు.

కాలువ గట్టుకు పరచడానికి రాయి కావాల్సి వచ్చింది. ఆ చుట్టుపక్కల అంత మంచి రాయి ఆ గుట్టలోనే ఉంది. కానీ కింద మనుషులుంటే పైన రాతికి మందు పెట్టి పేల్చడానికి వీల్లేదు. క్వారీ కోసం గూడేన్ని లేపాలంటే వాళ్ళకు వేరే చోటు చూపించాలి, ఇళ్ళు కట్టివ్వాలి, ఏళ్ళు పడుతుంది. ఆ సమయంలోనే గూడెంలో ముగ్గురు పెద్దవాళ్ళు నోటి క్యాన్సర్‌తో పోయిన సంగతి తహసిల్దారు చెవిన పడింది. గుట్టలో రేడియేషన్ ఉందనీ, జనాన్ని వాళ్ళ మంచి కోసమే వెంటనే ఖాళీ చేయించాలనీ ఆయన పైకి రాశారు. ఆరోగ్యం కోసం తరలిస్తే కట్టివ్వాల్సిన ఇళ్ళ ఊసు ఉండదు. ఆ రాతకు బలంగా మా అంచనా కావాలి. అందుకు నన్ను పంపారు.

నేను గుడిసె గుడిసెకూ తిరిగి కొలుస్తుంటే మాణెమ్మ అనే ఆమె వెంటపడింది. నా ఈడుదే. చనిపోయిన ముగ్గురిలో ఒకరు ఆమె మామ.

"ఏందమ్మా గది? ఊకె టిక్కుటిక్కుమంటది."

"రాతిల నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తయక్కా. ఎన్ని వస్తున్నయో చెప్పే డబ్బా."

"గవే మా మామను సంపినయంట గద? తహసిల్దారు చెప్పిండు. నోట్ల పుండు లేసి గొంతు దాక పోయింది. ఆఖరికి నీళ్ళు గూడ మింగలే. గుట్ట సంపిందా మా మామను?"

"మీ మామ ఆకు నమిలేటోడా?"

"ఆకు, తంబాకు, సున్నం. పండుకున్నా దవడల పెట్టుకునే పండుకునేటోడు. ఆ ఇద్దరు గూడ గంతే."

"నోటి పుండుకు తంబాకు పెద్ద కారణమని డాక్టర్లు చెప్తరు. కాని మీ మామకు గదే కారణమని నేను చెప్పలేను. గుట్ట కాదని గూడ చెప్పలేను. ఒక్క మనిషిని చూపెట్టి గిందుకే పోయిండని చెప్పే చదువు కాదక్కా నాది."

"మరి ఏం చదువు నీది?"

"వెయ్యిమందిని జమ చేస్తే, అండ్ల ఎందరికి రావచ్చో అందాజగా చెప్పే చదువు."

మాణెమ్మ గూడెం వైపు ఒకసారి చూసి, "మేము వెయ్యిమందిమి లేము గదమ్మా," అంది.

నా ఉద్యోగంలో ఉన్న అసలు లోటును అంత సూటిగా ఎవరూ నా మొహాన అనలేదు. నిజమే. మా అంచనాలు వేలమందికి పనికొస్తాయి. ఆమె ముందున్నవి కొన్ని గుడిసెలు. ఆ తేడాలోనే అధికారులు తమకు కావలసింది దూర్చుకుంటారు. ఆ తేడాను కాపలా కాయడమే మన ఉద్యోగమని నాకు ఆ రోజు తెలిసింది.

అబద్ధం లేని వాక్యం

మా పై అధికారి రంగనాథన్ గారు. మద్రాసు మనిషి. లెక్కల్లో దిట్ట, స్వభావంలో సౌమ్యుడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆయనలో లోపం కూడా అదే. నేను రాసిన నాలుగు పేజీలు పక్కన పెట్టి, ఒక వాక్యం తానే రాసి నా ముందుకు జరిపాడు. 'ఎర్రగుట్ట నివాసులకు క్యాన్సర్ ముప్పు సాధారణం కన్నా ఎక్కువ.'

"నాలుగు పేజీలు ఎవరు చదువుతారమ్మా? ఇది చాలు. సంతకం పెట్టు."

"పెట్టను సార్."

"ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు."

"అబద్ధం లేదు సార్. గీత ప్రకారం ఎక్కువే. ఎంత ఎక్కువో ఇందులో లేదు. ఆ ఎంత అన్నది నా పేజీల్లో ఉంది. మీరు దాన్ని తీసేసి ఎక్కువ అన్న మాట ఒక్కటే ఉంచారు. రాయచూరులో రాతి ఇంట్లో పడుకునే మా అమ్మకు కూడా ఈ వాక్యం సరిపోతుంది. ఆమెను కూడా ఖాళీ చేయిస్తారా?"

"మనం సైన్సు చెబుతాం. దాన్ని ఏం చేసుకుంటారో వాళ్ళ ఇష్టం."

"ఏం చేసుకుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా ఇస్తే అది సైన్సు ఎలా అవుతుంది సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తాలూకా ఆఫీసులో మీటింగు ఉంది. నువ్వే వెళ్ళి చెప్పుకో. నా పేరు తేకు," అన్నాడు. నన్ను ఒంటరిగా వదిలేశాడని అప్పుడు కోపం వచ్చింది. నిజానికి ఆయన నాకు తలుపు తెరిచాడు. పిరికివాళ్ళు ఒక్కొక్కసారి అలాగే సాయం చేస్తారు. వాడుకోండి.

తాలూకా ఆఫీసు గోడలు

తాలూకా ఆఫీసు నిజాం కాలపు కట్టడం. గోడలు ఎర్రరాయి, నేల ఎర్రరాతి బండలు, కప్పు కూడా బండలే. నేను మీటరుతో లోపలికి వెళ్ళాను. బల్లకు అటువైపు తహసిల్దారు, ఆయన పక్కన కాలువ కాంట్రాక్టరు చలపతిరావు గారు ఉన్నారు. చలపతిరావు గారిది గుంటూరు వైపు. కిటికీ బయట మాణెమ్మ, గూడెం జనం ఉన్నారు.

తహసిల్దారు కన్నడంలో, "అంచనా తెచ్చారా? రేడియేషన్ ఉంది కదా?" అని అడిగారు.

"ఉంది," అని, మీటరు ఆయన బల్ల మీద పెట్టి ఆన్ చేశాను. మట్టిగోడల గుడిసెల్లో ఎంత చూపిందో కాగితం మీద రాసి పక్కన పెట్టాను. ముల్లు ఆ అంకె దాటి పైకి పోయింది. గోడ దగ్గరికి తీసుకెళ్తే ఇంకాస్త పోయింది.

"ఇదేమిటి? పాడైందా?"

"బాగానే ఉందండి. ఈ గోడలు ఆ గుట్ట రాయే. గుడిసెలో గోడ మట్టిది, కప్పు బోదగడ్డిది. మీకు నాలుగు వైపులా, పైనా కిందా రాయే. గుట్ట కింద వాళ్ళను ఖాళీ చేయించేంత ప్రమాదం ఉంటే, ముందు ఈ ఆఫీసు ఖాళీ చెయ్యాలి."

ఆయన కుర్చీ గోడ నుంచి కొంచెం ముందుకు జరుపుకున్నారు. కావాలని చేసింది కాదు, పాపం. కానీ మాణెమ్మ చూసేసింది.

"సారూ, లేవుండ్రి, లేవుండ్రి! గోడ సంపుతది!" అని కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. బయట నవ్వులు.

నేను ఇంకొక మాట అడిగాను. "ఆ రాయి మనుషుల్ని చంపేదైతే, దాన్నే తీసుకొచ్చి కాలువకు ఎందుకు పరుస్తున్నారు? ఆ నీళ్ళు సింధనూరు నుంచి రాయచూరు దాకా జనం తాగుతారు కదా?"

తహసిల్దారు కాంట్రాక్టరు వైపు తిరిగారు. చలపతిరావు గారు తెలివైనవాడు. క్షణంలో దారి మార్చాడు.

"మేడం గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమండి. రాయి మంచిదేనన్నమాట. అదే ఒక్క ముక్క రాసిచ్చెయ్యండి. ఈ రాయి వల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదని. గొడవ వదిలిపోతుంది."

"అది కూడా రాయను."

"అదేంటండీ? ఇప్పుడేగా మీరన్నారు?"

"గుట్ట కింద ఉన్నంత మాత్రాన గూడెం ఖాళీ చేయించేంత ముప్పు లేదన్నాను. ప్రమాదమే లేదని అనలేదు. రేపు ఆ గుట్టను పగలగొట్టి, ఆ దుమ్ములో మనుషుల్ని నిలబెట్టి, ఈ కాగితం చూపిస్తారు మీరు."

బయటికి వస్తే మాణెమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమెకూ కోపమే.

"ప్రమాదం లేదని గా ఒక్క మాట రాసిస్తే నీ సొమ్మేం బోతదమ్మా? మా గుడిసెలు నిలుస్తయ్ గద!"

"గుడిసెలు నిలవనీకి గా మాట అక్కర్లేదక్కా. గా మాట రాస్తే రేపు నీ మొగుడు దగ్గుకుంట వస్తే నాకు చెప్పనీకి నోరుండదు."

ఆమె చెయ్యి వదిలేసింది కానీ నన్ను క్షమించలేదు. ఆ రోజు మూడు వైపుల నుంచీ తిట్లు తిన్నాను. మీరు ఈ ఉద్యోగం సరిగ్గా చేస్తే మీకూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు తప్పు చేశామేమో అని అనుమానపడకండి.

గుడిసెలకూ తాలూకా ఆఫీసుకూ ఉన్న తేడా, రాయచూరు ఇళ్ళతో పోలిక, ఖాళీ చేయించడానికి ఈ కొలతలు ఆధారం కావన్న మాట, ఇవన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆరోగ్యం పేరుతో గూడేన్ని లేపే ప్రయత్నం అంతటితో ఆగిపోయింది. గుట్ట వెనకవైపు నుంచి, గూడేనికి దూరంగా, క్వారీ మొదలుపెట్టారు. నన్ను హైదరాబాదులో మీటర్లు సరిచూసే గదిలో కూర్చోబెట్టారు. కిటికీ లేని గది. శిక్ష అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

దుమ్ము

కొన్నేళ్ళకు మళ్ళీ సర్వే పని మీద రాయచూరు వచ్చినప్పుడు, కల్లూరు వైపు వెళ్ళాల్సిన జీపును ఎర్రగుట్టకు తిప్పించాను. క్వారీలో గాలి ఒత్తిడితో నడిచే మిషన్లతో రాతికి రంధ్రాలు వేస్తున్నారు. పొడి రాయి, పొడి మిషను. తెల్లటి దుమ్ములో మనుషులు కనబడటం లేదు. గూడెం మగవాళ్ళకు అక్కడే పని దొరికింది. వాళ్ళలో కొందరు మెట్టు ఎక్కినా ఆయాసపడుతున్నారు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మనిషి మెల్లగా ఊపిరాడక పోతాడు. దానికి గీత గీసి అంచనా వెయ్యాల్సిన పని లేదు. గనుల దగ్గర డాక్టర్లందరికీ తెలిసిన సంగతే.

మిషను మొనకు నీళ్ళు తగిలేలా చేస్తే దుమ్ము లేవదు. చలపతిరావు గారిని అడిగాను.

"నీళ్ళెక్కడున్నాయండీ?" అన్నాడు.

కింద, అప్పటికే పూర్తయిన కాలువ నిండుగా పారుతోంది. నేను అటు చూపించాను.

"అది సర్కారు నీళ్ళండి," అన్నాడు.

లింగసుగూరు వెళ్ళి రంగనాథన్ గారికి ఫోను చేస్తే ఇలా అన్నాడు. "నీ శాఖ రేడియేషన్. దుమ్ము మన పని కాదు. వెంటనే వచ్చెయ్యి."

"ఈ మనుషులకు ఎంత ముప్పుందో చెప్పమని నన్ను పంపారు సార్. వాళ్ళను చంపేది కళ్ళ ముందు కనబడుతుంటే, అది వేరే శాఖదని వదిలెయ్యమంటారా? రాను."

గూడేనికి వెళ్ళి మాణెమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి అందాజ అనలేదు. ఆమె నన్ను లోపలికి పిలవలేదు. కొంగు నడుముకు చుట్టుకుని ఆడవాళ్ళను కేకేసింది. అందరూ వెళ్ళి మిషన్ల ముందు, రాతి మీద కూర్చున్నారు. నేనూ వాళ్ళ మధ్య కూర్చున్నాను. మేస్త్రీ బతిమాలాడు, తిట్టాడు.

"పేల్చు," అంది మాణెమ్మ. "నీళ్ళన్న తే, లేకుంటే మా మీదనే పేల్చు."

ఆ రోజు పని ఆగింది. మరునాడూ ఆగింది. మిగతా కాలువ పని గడువు ముంచుకొస్తుంటే, దొరకని నీళ్ళు దొరికాయి. మొదట ఎద్దుల బండి మీద డ్రమ్ములు వచ్చాయి, తరువాత గొట్టం పడింది. అప్పటికే దుమ్ము పట్టినవాళ్ళలో కొందరు పోయారు. వాళ్ళకు ఆ నీళ్ళు ఏమీ చెయ్యలేకపోయాయి. ఆ మాట దాచను. నా మీద విచారణ పెట్టారు. ప్రభుత్వ ఉద్యోగి కూలీలతో కూర్చోవచ్చా అని అడిగారు. కూర్చోవచ్చు, మళ్ళీ అవసరమైతే మళ్ళీ కూర్చుంటానని రాసిచ్చాను.

గొట్టం పడిన రోజు నేను అక్కడే ఉన్నాను. మాణెమ్మ భర్త హన్మంతు మిషను పట్టుకున్నాడు. నీళ్ళూ రాతిపొడీ కలిసి బురదై, అతని నడుము దాకా చిమ్మింది. చలికాలం. అతను పళ్ళు కటకటలాడిస్తూ పెళ్ళాం వైపు చూసి, "ఏందే ఇది, మొత్తం తడిసిపోతిని!" అని అరిచాడు.

మాణెమ్మ నవ్వలేదు. అతని ఛాతీ వైపే చూస్తోంది. అతను గట్టిగా ఊపిరి పీల్చి మళ్ళీ అరవబోయేలోపు అంది.

"తడిస్తే ఆరుతవ్. పని చెయ్."